ఫ్రిజ్‌లో పెట్టినా క్యారెట్లు ఎందుకు మెత్తబడుతున్నాయి? కొనడం, నిల్వ చేయడం గురించి నాకు తెలిసినది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రతి ఆదివారం రెండు కిలోల క్యారెట్లు తెస్తున్నారు. రాగానే కడిగి, కింది ట్రేలో ఆపిల్స్ పక్కన విడిగా పరుస్తున్నారు. గురువారానికల్లా రబ్బరులా వంగిపోతున్నాయి. అలా కాదని ఒకసారి కవర్లో వేసి గట్టిగా ముడి కడితే జిగురు పట్టి కుళ్ళాయి. పాప స్కూలు బాక్సులో పెట్టిన ముక్కలు మధ్యాహ్నానికి తెల్లబడుతున్నాయి, కొన్ని చేదుగా ఉన్నాయని పాప వదిలేస్తోంది. పొరపాటు కొనేటప్పుడా, ఇంట్లోనా అని అడిగారు. కొంత కొనేటప్పుడు, ఎక్కువ భాగం ఇంట్లో. రెండూ సులువుగా సరిచేసుకోవచ్చు, టెన్షన్ పడకండి.

మాది సికింద్రాబాద్ వైపు ఒక కాలనీలో కూరగాయల దుకాణం. 22 ఏళ్ళుగా తెల్లవారుజామునే బోయినపల్లి మార్కెట్‌కి వెళ్ళి సరుకు తెచ్చుకుంటాం. దుకాణం పెట్టిన మొదటి వేసవిలో ఒక బస్తా క్యారెట్ తెచ్చి, ఎండకి వాడిపోతుందన్న భయంతో బాగా నీళ్ళు చల్లి, ప్లాస్టిక్ పట్టా కప్పి రాత్రంతా ఉంచాం. రెండో రోజు సాయంత్రానికి అడుగున ఉన్నవన్నీ జారిపోయే జిగురు. సగం బస్తా పారబోశాం. ఆ దెబ్బకి తర్వాతి వారం ఏమీ కప్పకుండా గంపలో ఆరబెట్టినట్టు పెట్టాం. మధ్యాహ్నం దాటేసరికి తోకలు వేలాడిపోయాయి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నవి సరిగ్గా ఈ రెండే.

క్యారెట్ అనేది ఆ మొక్క దాచుకున్న తిండి. మొదటి ఏడాది దుంపలో చక్కెర, నీరు నింపుకుని, రెండో ఏడాది దాని బలంతో పువ్వు పూసి విత్తనం కట్టడం దాని పద్ధతి. మనం మధ్యలో పీకేస్తాం. పీకినా దుంప బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. అందులో దాదాపు 88 శాతం నీరే. ఉల్లిపాయకి ఉన్నట్టు ఎండు పొరలు గానీ, బంగాళదుంపకి ఉన్నట్టు బిరుసు తొక్క గానీ దీనికి లేవు. పల్చని పై పొర ఒక్కటే. ఆ పొర గుండా నీరు గాల్లోకి పోతూనే ఉంటుంది. బరువులో సుమారు 8 శాతం నీరు పోతే చాలు, క్యారెట్ అమ్మకానికి పనికిరానంతగా వాడిపోతుంది. కిలోకి 80 గ్రాములు, అంటే ఒక చిన్న టీ గ్లాసెడు నీళ్ళు. అంత కొద్ది తేడాతో కరకరలాడేది కాస్తా వంగిపోతుంది.

అందుకని నిల్వ గురించి ఏ చిట్కా విన్నా, దాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించండి. లోపలి నీరు లోపలే ఉంటుందా? పైన నీరు నిలవకుండా ఉంటుందా? విడిగా పరిస్తే మొదటిది తప్పింది, తడిగా ముడి కడితే రెండోది తప్పింది.

ముందు కొనడం సంగతి చెబుతాను.

చాలామంది క్యారెట్‌ని నడుము దగ్గర నొక్కి చూస్తారు. నడుము ఆఖరున మెత్తబడే చోటు. చూడవలసింది తోక. సన్నగా ఉండే కొస ముందుగా నీరు పోగొట్టుకుంటుంది. కొసని బొటనవేలితో పక్కకి తోయండి. గట్టిగా ఎదురు నిలిస్తే తాజాది. తీగలా వంగితే పీకి చాలా రోజులైందని గానీ, ఎండలో ఉందని గానీ అర్థం. కొస కత్తిరించేసిన క్యారెట్లు కుప్పగా కనిపిస్తే, వాడిపోయిన తోకలు తీసేసి పెట్టి ఉండవచ్చు. అప్పుడు ఒకటి విరిచి చూపించమని అడగండి. మేము అడిగితే విరిచి చూపిస్తాం, అందులో మొహమాటం ఏమీ లేదు. తాజా క్యారెట్ టక్కుమని ఒక్కసారిగా విరుగుతుంది, విరిగిన చోట తడి మెరుస్తుంది. వాడినది వంగి వంగి, నారలాగా సాగి విడిపోతుంది.

తర్వాత తల చూడండి. ఆకులు తెంపిన చోట మిగిలిన మొదలు లేత ఆకుపచ్చగానో పసుపుగానో ఉంటే మంచిది. గోధుమ రంగులో ఎండి ఉన్నా ఫర్వాలేదు, కొన్నాళ్ళు ప్రయాణం చేసిన సరుకు అంతే. నల్లగా, తడిగా, వేలికి జిగురు తగిలేలా ఉంటే మాత్రం తీసుకోవద్దు. కుళ్ళు చాలాసార్లు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. ఒక్కసారి వాసన చూడండి. మంచి క్యారెట్‌కి తియ్యటి మట్టి వాసన ఉంటుంది. పులిసిన వాసన వస్తే ఆ కుప్ప మొత్తాన్ని వదిలేయడం మేలు.

ఆకులు తెంపిన చోట ఉండే గుండ్రటి మచ్చ ఎంత వెడల్పు ఉందో కూడా గమనించండి. ఆ మచ్చ పెద్దదైతే లోపలి కట్టె కూడా లావుగా ఉండే అవకాశం ఎక్కువ. క్యారెట్‌ని అడ్డంగా కోస్తే రెండు వలయాలు కనిపిస్తాయి కదా, బయటి నారింజ భాగంలో తీపి ఎక్కువ, నడిమి పసుపు భాగం కొంచెం గట్టిది. ముదిరిన వాటిలో ఈ నడిమి భాగం కట్టెలా తయారవుతుంది. పాప పచ్చిగా తింటుందన్నారు కాబట్టి భుజాలు మరీ లావెక్కని, మధ్య రకం సైజువి ఏరుకోండి. సాంబారుకీ కుర్మాకీ అయితే లావువి కూడా చక్కగా సరిపోతాయి.

కొన్ని లోపాలు చూసి అనవసరంగా భయపడి వదిలేస్తుంటారు. రెండు కాళ్ళుగా చీలిన క్యారెట్ కింద నేలలో రాయో గట్టి మట్టో అడ్డం తగిలితే అలా పెరుగుతుంది. కొన్నిసార్లు వేళ్ళని పట్టే నులిపురుగుల వల్ల కూడా అవుతుంది. రుచి మాత్రం అదే. నిలువు పగులు ఉంటే నీటి తడులు హెచ్చుతగ్గులు అయ్యాయని గుర్తు. తినవచ్చు, కానీ పగులులో మట్టి, తడి చేరతాయి కాబట్టి నిల్వకి పనికిరాదు, ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. భుజం దగ్గర ఆకుపచ్చగా ఉంటే దుంప పైభాగం మట్టిలోంచి బయటికి వచ్చి ఎండ తగిలిందని అర్థం. పచ్చబడ్డ బంగాళదుంపలో ఉండే విషం లాంటిది ఇందులో ఉండదు. ఆ ముక్క కొంచెం చేదుగా ఉంటుంది, కోసి తీసేస్తే చాలు. ఒళ్ళంతా సన్నని తెల్ల వేళ్ళు వెంట్రుకల్లా మొలిచి ఉంటే, తేమలో చాలా రోజులు నిల్వ ఉందనో బాగా ముదిరిందనో తెలుసుకోండి. ప్రమాదం లేదు, రుచి తగ్గుతుంది, ధర కూడా తగ్గించి అడగవచ్చు.

తడిసి మెరుస్తున్న కుప్పని చూసి తాజా అనుకోకండి. మేమంతా నీళ్ళు చల్లుతాం. చల్లకపోతే ఎండాకాలం మధ్యాహ్నానికి అమ్మలేం, కనుక అది మోసం కాదు. కానీ ఆ తడితో అలాగే ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడితే నష్టం మీది. తోక పరీక్ష తడి సరుకుకీ పనిచేస్తుంది.

మన దగ్గరికి వచ్చే రకాల గురించి కొంచెం తెలిస్తే ఎన్ని రోజులు ఆగుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. చలికాలంలో చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు నుంచి మట్టి అంటిన క్యారెట్ వస్తుంది. ముందు రోజు పీకినది మర్నాడు పొద్దున మార్కెట్లో ఉంటుంది. చిత్తూరు జిల్లా ఎగువ ప్రాంతాల్లోనూ, కర్ణాటకలో కోలార్, మాలూరు వైపూ బాగా పండిస్తారు. ఇక అందరూ పేరు పెట్టి అడిగే ఊటీ క్యారెట్ నీలగిరి కొండల్లో ఏడాది పొడవునా పండుతుంది. అక్కడ పెద్ద డ్రమ్ముల్లాంటి యంత్రాల్లో నీళ్ళు పోసి తిప్పి కడుగుతారు, మేట్టుపాళయం మార్కెట్ మీదుగా బయటి ఊళ్ళకి పంపుతారు. నునుపుగా, ఒకే తీరుగా, చూడముచ్చటగా ఉంటుంది. అయితే యంత్రంలో ఒకదానికొకటి రాసుకోవడంతో ఆ పల్చని పై పొర కొంత పోతుంది. అందుకే కడిగిన క్యారెట్ కంటికి ఎంత బాగున్నా తొందరగా ఆరిపోతుంది. ఒకే రోజు పీకినవి రెండు రకాలూ ఎదురుగా ఉంటే, నిల్వ కోసం నేను మట్టి అంటినదే ఇంటికి తీసుకెళ్తాను. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మరు, మెరిసే దానివైపే చెయ్యి చాపుతారు.

చలికాలంలో వచ్చే ఎర్రటి పొడుగు ఢిల్లీ క్యారెట్ వేరే రకం. దాని ఎరుపు టమాటాలో ఉండే లైకోపీన్ వల్ల వస్తుంది. హల్వాకి దాన్ని మించింది లేదు, రసం ఎక్కువ, తీపి ఎక్కువ. కానీ మెత్తటిది, ఆగదు. వారం లోపు వాడేసేంతే కొనండి.

ఇప్పుడు ఇంట్లో చేయవలసింది. తెచ్చాక కడగకండి. మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. మార్కెట్ నుంచే తడిగా వస్తే ఫ్యాన్ కింద పది పదిహేను నిమిషాలు పరిచి పైతడి మాత్రం ఆరనివ్వండి, అంతకు మించి వద్దు. ఆకులుంటే మొదలంటా తెంపేయండి, ఆకులు దుంపలోని నీటిని లాగి గాల్లోకి వదులుతూనే ఉంటాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కట్టలుగా ఆకులతో కొంటారు కదా, వాళ్ళకీ ఇదే మాట. పచ్చటి ఆకు తాజాదనానికి మంచి సాక్ష్యం, కానీ ఇల్లు చేరాక ఆ సాక్ష్యంతో పని లేదు. తెంపేటప్పుడు దుంప కండ కోయవద్దు, గాయమైన చోటే కుళ్ళు మొదలవుతుంది. విరిగినవి, పగిలినవి, మచ్చలున్నవి పక్కన పెట్టి ఆ రెండు రోజుల్లో వండేయండి. ఒక్క కుళ్ళిన క్యారెట్ పక్కవాటికి అంటిస్తుంది, బస్తాల్లో అది రోజూ చూస్తాం.

మిగిలిన మంచివాటిని ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టండి. పాత కాటన్ చీర ముక్క, పంచె ముక్క ఏదైనా సరే. న్యూస్‌పేపర్ వాడకండి, అచ్చు సిరాలో ఒంటికి చేటు చేసేవి ఉంటాయి. తినే వస్తువులు పేపర్లో చుట్టవద్దని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెబుతూనే ఉంది. గుడ్డలో చుట్టిన వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌కి నాలుగైదు చిన్న చిల్లులు చేసి, మూతిని ముడి వేయకుండా ఒక మడత మడిచి కింది కూరగాయల ట్రేలో పెట్టండి. కవర్ లోపలి నీటిని పోనివ్వదు, చిల్లులు ఊపిరి ఆడనిస్తాయి, దుంప వదిలిన చెమ్మని గుడ్డ పీల్చుకుంటుంది. నాలుగు రోజులకోసారి గుడ్డ పట్టుకుని చూడండి. తడిగా అనిపిస్తే మార్చండి. పని మొత్తం అంతే. ఇలా పెట్టిన మంచి క్యారెట్ మా ఇంట్లో మూడు వారాలు కరకరలాడుతుంది, మట్టి అంటినదైతే నెల కూడా ఆగింది.

మీరు రాసినదాన్ని బట్టి మీది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అనుకుంటాను. వాటిలో ఫ్యాన్ చల్లగాలిని తిప్పుతూ ఉంటుంది, ఆ గాలి పొడిగా ఉంటుంది. పాత రకం ఫ్రిజ్‌లో విడిగా పెట్టినా కొన్నాళ్ళు ఆగేవి, కొత్తదానిలో ఆగడం లేదని మా దగ్గర చాలామంది చెప్పారు. కారణం ఇదే, కప్పకుండా పెడితే బట్టలు ఆరినట్టు ఆరిపోతాయి. ఇంకొకటి, ఫ్రిజ్ వెనక గోడకి ఆనించి పెట్టకండి. అక్కడ చలి ఎక్కువై క్యారెట్ గడ్డకడితే, బయటికి తీశాక నీరు కారి ముద్దలా అవుతుంది. అది మళ్ళీ బాగుపడదు.

కోల్డ్ స్టోరేజీల్లో సున్నా డిగ్రీల దగ్గర, గాల్లో తేమ 95 శాతం పైన ఉంచి, ముదిరిన క్యారెట్‌ని ఏడు నుంచి తొమ్మిది నెలలు నిల్వ చేయగలుగుతారు. అదే దుంప, అదే తొక్క. తేడా అంతా చలి, తేమల లెక్కలోనే ఉంది. ఇంటి ఫ్రిజ్‌లో అంత చలి రాదు, కానీ గుడ్డ, కవర్ కలిసి ఆ తేమలో చాలా భాగం తెచ్చిపెడతాయి.

చేదు సంగతి. పక్కన ఆపిల్స్ పెడుతున్నానని మీరు రాసిన వాక్యం చూడగానే నాకు అర్థమైంది. పండే పళ్ళు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. ఆపిల్, మామిడి, బొప్పాయి, అరటి, టమాటా అన్నీ వదులుతాయి, ఆపిల్ మరీ ఎక్కువ. మూసి ఉన్న ట్రేలో ఆ వాయువు క్యారెట్‌కి తగిలితే, దెబ్బ తగిలినట్టుగా స్పందించి తొక్కలో ఒక చేదు పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. లేత క్యారెట్‌కి ఈ గుణం ఇంకా ఎక్కువ. వేసవిలో మామిడి పళ్ళు ఫ్రిజ్‌లోకి చేరగానే మా వీధిలో నలుగురైదుగురు వచ్చి, మీ క్యారెట్ చేదుగా ఉంది అంటారు. ఫ్రిజ్‌లో పక్కన ఏముందో అడిగితే జవాబు దొరుకుతుంది. క్యారెట్ ఒక ట్రేలో, పళ్ళు వేరే అరలో పెట్టండి. ఇప్పటికే చేదెక్కిన వాటిని కొంచెం మందంగా చెక్కు తీయండి, చేదు ఎక్కువగా తొక్కలోనే ఉంటుంది. మిగిలినది కూరకి సరిపోతుంది. ఈ చేదు వల్ల ఒంటికి హాని లేదు. చేదు సొరకాయ మాత్రం పూర్తిగా వేరు, దాని రసం నిజంగానే ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ రెంటినీ కలపకండి, చేదు సొరకాయ ఎప్పుడూ పారేయవలసిందే.

బాక్సులో ముక్కలు తెల్లబడటం చూసి బూజు అనుకున్నారు. బూజు కాదు. చెక్కు తీసినప్పుడు, కోసినప్పుడు పై కణాలు తెగుతాయి, ఆ తెగిన కణాలు ఎండి తెల్లగా కనిపిస్తాయి. తడి వేలితో రుద్దితే తెలుపు పోయి నారింజ రంగు తేలుతుంది. ఎక్కువసేపు ఉంచితే గాయం మానినట్టు అక్కడ బిరుసు పొర కడుతుంది, అది రుద్దినా పోదు, తిన్నా ఏమీ కాదు. అమెరికాలో సంచుల్లో అమ్మే బేబీ క్యారెట్లు తెల్లబడటం కూడా ఇదే. అవి చిన్న క్యారెట్లు కావు, పెద్దవాటిని ముక్కలు చేసి చెక్కి నునుపు చేసినవి. 1980ల్లో కాలిఫోర్నియాలో మైక్ యురోసెక్ అనే రైతు, వంకరగా ఉన్నాయని పారేయవలసి వస్తున్న క్యారెట్లని కాపాడుకోవడానికి మొదలుపెట్టిన పద్ధతి అది. పై పొర మొత్తం పోయింది కాబట్టి సంచి తెరవగానే ఆరడం మొదలుపెడతాయి.

పాప బాక్సుకి ఇలా చేసి చూడండి. పొద్దున్నే కోయండి, పదునైన కత్తితో కోయండి. మొండి కత్తి కణాలని చిదిపేస్తుంది, తెలుపు ఎక్కువ వస్తుంది. ముక్కల్ని చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, దులిపి, మూత గట్టిగా పట్టే చిన్న బాక్సులో నిండుగా సర్దండి. ఖాళీ ఎంత తక్కువుంటే అంత తక్కువ ఆరుతాయి. రాత్రే కోసి పెట్టుకోవాలంటే మూత ఉన్న బాక్సులో, పైన తడి పిండేసిన గుడ్డ వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. అలా కోసినవి మూడు రోజులు దాటనివ్వకండి.

క్యారెట్లని నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టమని ఈమధ్య వీడియోల్లో చూపిస్తున్నారు. కరకరలాడతాయి, నిజమే. కానీ రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి, మరిచిపోతే నీళ్ళు మసకబారి జిగురు వస్తుంది. తీపి కూడా కొంత నీళ్ళలోకి పోతుంది. వారం లోపు తినేసే కొన్నింటికైతే సరే, రెండు కిలోలకి ఈ పద్ధతి నాకు నచ్చదు.

ఫ్రిజ్ లేని హాస్టల్ గదులు, కరెంటు తరచూ పోయే ఊళ్ళు ఉన్నాయి కాబట్టి అదీ చెబుతాను. వెడల్పు మూతి ఉన్న మట్టి కుండలో శుభ్రమైన ఇసుక పోసి, పిడికిట పడితే ముద్ద కట్టీ కట్టనంత చెమ్మ ఉండేలా నీళ్ళు చల్లండి. క్యారెట్లని ఒకదానికొకటి తగలకుండా నిలువుగా పాతి, పైన కూడా ఇసుక కప్పి, నీడలో గాలి ఆడే చోట పెట్టండి. కుండ బయట తడి గోనె చుడితే ఇంకా చల్లగా ఉంటుంది. ఇదే సూత్రం మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో కరెంటు అక్కర్లేని చల్లని గది తయారుచేసింది. రెండు వరసల ఇటుక గోడలు కట్టి, మధ్యలో ఇసుక నింపి, రోజూ ఆ ఇసుకని తడపడమే. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. కొన్ని ఇటుకలు, ఇసుక ఉంటే పెరట్లో ఎవరైనా కట్టుకోవచ్చు. అయితే ఇది పొడి గాలి ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలానికి చక్కగా సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో నీరు త్వరగా ఆవిరి కాదు, చల్లదనం అంతగా రాదు. అక్కడ తక్కువ తక్కువ కొనుక్కోవడమే మేలు.

వంగిపోయినవాటిని పారేయకండి. తల, తోక పల్చగా కోసి, చల్లటి నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు, బాగా వాడినవైతే రాత్రంతా ఉంచండి. పోయిన నీరు కణాల్లోకి తిరిగి చేరి గట్టిపడతాయి. ఇలా లేచినవాటిని మళ్ళీ నిల్వ చేయకుండా ఆ రోజే వాడండి. రాత్రంతా నానినా లేవకపోతే కణాలే చెడిపోయాయని అర్థం. వాసన బాగుండి, జిగురు లేకపోతే తురిమి సాంబారులోనో హల్వాలోనో వేసేయవచ్చు. తల మీద చిన్న మొలకలు వచ్చినా అంతే, కోసి తీసి వండుకోండి. దుంప తన తీపిని మొలకకి పంపుతోంది కాబట్టి ఆలస్యం చేస్తే చప్పబడుతుంది.

పారేయవలసినవి ఇవి. ఒళ్ళు జిగురుగా ఉండి, నొక్కితే వేలు దిగిపోయేది. పుల్లటి వాసన వచ్చేది. దూదిలాంటి తెల్ల బూజు పట్టినది. నల్లటి మెత్తని గుంటలు పడ్డది. గట్టిగా ఉన్న క్యారెట్‌కి ఒక్క చోట చిన్న మచ్చలా బూజు ఉంటే, దాని చుట్టూ, కింద కనీసం అంగుళం మేర తీసేసి మిగతాది వండుకోవచ్చని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. కత్తి బూజుకి తగలకుండా చూసుకోవాలి. మీ ఇంట్లో చిన్న పాప ఉంది, పచ్చిగా తింటుంది. నేనైతే ఆ ఒక్క క్యారెట్‌ని వదిలేస్తాను.

జ్యూస్ తీసి రెండు మూడు రోజులు ఉంచుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. క్యారెట్ రసంలో పులుపు దాదాపు ఉండదు, అందుకే కొన్ని ప్రమాదకరమైన సూక్ష్మజీవులు అందులో హాయిగా పెరుగుతాయి. 2006లో అమెరికా, కెనడాలలో చల్లగా ఉంచని సీసా క్యారెట్ రసం తాగి కొందరికి బోట్యులిజం వచ్చింది, అది పక్షవాతంలా ఒళ్ళు పడిపోయే జబ్బు. ఇంట్లో తీసిన రసం వెంటనే తాగండి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే ముగించండి. బయట పెట్టి మరిచిపోయినది పిల్లలకి ఇవ్వవద్దు.

ధర తగ్గినప్పుడు ఎక్కువ కొనేశారనుకోండి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. చెక్కు తీసి ముక్కలు కోసి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేయండి. బాగా ఆరనిచ్చి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి కవర్లో వేసుకోండి. ఆ రెండు నిమిషాల ఉడుకు మానేస్తే లోపలి ఎంజైములు పనిచేస్తూనే ఉండి, రంగు, రుచి పోతాయి. ఇవి పచ్చిగా తినడానికి బాగుండవు, పులావుకీ కుర్మాకీ బాగుంటాయి.

కోసిన క్యారెట్ తిరగమోతలో వేయగానే నూనె నారింజ రంగుకి మారిందని, రంగు కలిపారా అని మా దగ్గరికి వచ్చి అడుగుతుంటారు. క్యారెట్ సొంత రంగు కెరోటిన్ నూనెలో కరుగుతుంది, అది సహజం. ఆ రంగే విటమిన్ ఏ అవుతుంది, కొంచెం నూనెతో వండితే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

మీరు ఇప్పుడు రెండు కిలోలు కొంటున్నారు. నలుగురున్న ఇంటికి వారానికి కిలో, కిలోన్నర సరిపోతుందేమో చూసుకోండి. ఎంత బాగా దాచినా, పీకిన వారంలో తిన్న క్యారెట్ తీపి నాలుగో వారం ఉండదు. ప్రస్తుతం మీ ట్రేలో ఉన్నవాటిని తీసి మూడు కుప్పలు చేయండి. జిగురుగా ఉన్నవి బయటికి, వంగినవి చల్లటి నీళ్ళలోకి, గట్టివి తుడిచి నూలు గుడ్డలోకి. ట్రేని సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాకే మళ్ళీ లోపల పెట్టండి, లేకపోతే పాత జిగురు కొత్త సరుకుకీ అంటుతుంది. ఆపిల్స్ మాత్రం రేపటిదాకా ఆగకుండా ఈ రాత్రే పై అరలోకి మార్చేయండి.